నీడ చూసి పెట్టిన పాయింటు

శనివారం పొద్దున ఆరూ పదికి నేను గడ్డానికి సబ్బు రాసుకుంటున్నాను. ఎడమ చెంప గీయడం అయిపోయింది, కుడి చెంపకు వస్తున్నాను. అవతల గదిలో మా ఆవిడ సుగుణ ఫోన్లో ఎవరితోనో, "ఆయన ఖాళీనేనండీ" అంటోంది. రిటైరైన మగవాడికి ఆ రెండు ముక్కలకు మించిన ప్రమాద హెచ్చరిక లేదు. నేను పట్టించుకోలేదు. సాయంత్రానికల్లా బొల్లాపల్లి మండలంలో బోరు పాయింట్లు పెట్టే పెద్దమనిషినైపోయాను! ఎట్లా అయ్యానో చెబుతాను. నవ్వదల్చుకుంటే నవ్వండి. మీ చేను చూడమని మాత్రం నన్నడక్కండి.

మాది వినుకొండ. చాలా ఏళ్ళు పేపరాఫీసులో డెస్కు మీద పనిచేశాను. వచ్చిన వార్తలో అక్కర్లేనిది కొట్టేసి, మిగిలింది సరిగ్గా ఉందో లేదో చూడటం నా ఉద్యోగం. సుగుణ మా చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. నేను ఆదివారం వెనక బెంచీ మనిషిని, అది కూడా ఫ్యాను కింద.

సబ్బు మొహంతోనే వెళ్ళి అడిగాను. "ఎవరికి ఖాళీ నేను?"

"జోయెల్‌కి. యాకోబు వాళ్ళ చేలో ఇవాళ బోరు వేస్తున్నారంట. ముందుగా ప్రార్థన చేయించుకోవాలంట. పాస్టరుగారేమో కూతురి కాలేజీ పనిమీద విజయవాడ వెళ్ళారు. ఆ అబ్బాయి ఇంగ్లీషులో ప్రార్థన చేస్తే తెలుగులో చెప్పే దిక్కు లేదు."

"నేను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినవి యుద్ధాలూ బడ్జెట్లూ. ప్రార్థనలు కాదు."

"బడ్జెట్టే చేసినవాళ్ళకి ప్రార్థనెంత? స్కూటీలో పెట్రోలు కొట్టించుకుని బయల్దేరండి."

జోయెల్ ఫిలిప్పీన్స్ కుర్రాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఏదో చిన్న దీవిలో వరి పండించే ఇంట్లో పుట్టాడు. మిషనరీగా కొంతకాలం సేవ చేయడానికి మా చర్చికి వచ్చి, పాస్టరుగారి మేడమీద గదిలో ఉంటున్నాడు. అతను విసుక్కోగా ఇంతవరకూ చూసినవాళ్ళు లేరు. కరెంటు పోతే సంతోషం, డాబా మీద అందరూ కలిసి కూర్చోవచ్చని. కుళాయి రాకపోతే సంతోషం, బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళతో కబుర్లాడొచ్చని. లుంగీ కట్టడం నేర్చుకున్న రోజు బజారంతా తిరిగి చూపించాడు. అది ఊడిపోయిన రోజు ఆ సంగతి కూడా బజారంతా తిరిగి చెప్పుకున్నాడు. పిల్లలకు ఇతను గిటారు నేర్పుతాడు, ఇతనికి పిల్లలు గోలీలు నేర్పుతారు. పెద్దవాళ్ళను వరస పెట్టి పిలవాలని ఎవరో చెప్పారు, అంతే! నేను మావయ్య, సుగుణ అత్తయ్య, ఆర్టీసీ కండక్టరు మావయ్య, బస్టాండు దగ్గర విజిలేసే కానిస్టేబులు కూడా మావయ్యే. "మనకు ఆడపిల్ల లేదు కాబట్టి సరిపోయింది" అంటుంది సుగుణ.

అంత సంతోషం పక్కన పూట గడపడం ఎంత కష్టమో గడిపినవాడికే తెలుస్తుంది. స్కూటీ మీద నా వెనక కూర్చుని ఊరు దాటేదాకా పాడాడు. ఊరు దాటాక గొర్రెలు అడ్డొచ్చాయి. నేను హారను కొడుతుంటే అతను దిగి గొర్రెల కాపరిని "బాగున్నారా మావయ్యా" అని పలకరించి, ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని ఫోటో దిగాడు. ఇంకొంచెం ముందుకెళ్ళాక బజ్జీల బండి కనపడింది. "మావయ్యా, స్టాప్!" కాలుతున్న మిరపకాయ బజ్జీ నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా, "చాలా బాగుంది, చాలా బాగుంది" అంటూ ఇంకోటి తీసుకున్నాడు. నేను గడియారం చూసుకున్నాను. బజ్జీలామె నావైపు చూసి, "మీరు కూడా నవ్వితే ఒకటి ఊరికే ఇస్తా" అంది. నేను నవ్వలేదు.

బొల్లాపల్లి దాటి లోపలికెళితే యాకోబు ఊరు. బండిదారి చేను దాకా ఉంది. గట్టు మీద యాకోబు, భార్య మరియమ్మ ఎదురుచూస్తున్నారు.

మనుషుల్ని చూస్తేనే సంగతి తెలిసిపోయింది. పాత బోరు ఎండిపోయింది. పోయినేడు వేసిన దాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఈ ఏడు వానలు మధ్యలో మొహం చాటేశాయి. వేసిన మిరపతోట ఆకు ముడుచుకుని పూత రాలుస్తోంది. ఇప్పుడు నాలుగు తడులు పడితే తోట నిలుస్తుంది, లేకపోతే పీకి పొయ్యిలో పెట్టుకోవడమే. బోరుబండి పక్కూళ్ళో ఉంది. మధ్యాహ్నం ఇక్కడికొస్తుంది. ఇవాళ వేయించుకోకపోతే అది మార్కాపురం వైపు వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పుడొచ్చేదీ చెప్పలేరు.

ఇంత తొందరలోనూ తేలనిది ఒక్కటే. బోరు ఎక్కడ వేయాలి?

"దక్షిణం మూల కొబ్బరికాయ పాయింటు సార్" అని చూపించాడు యాకోబు. కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడిచే మనిషి ఒకడున్నాడు ఆ చుట్టుపక్కల. నీళ్ళున్నచోట అది నిటారుగా లేచి నిలబడుతుందని చెబుతారు. "ఉత్తరం మూలదేమో మిషను పాయింటు. నరసరావుపేట నుంచి నీళ్ళు కనిపెట్టే మిషనుండే ఒకాయన్ని పిలిపించి చూపించాం."

"కొబ్బరికాయంటే... మనం క్రైస్తవులం కదా యాకోబూ?"

"కొట్టలేదు సార్. చేతిలో పెట్టుకుని తిరిగాడంతే."

మరియమ్మ అందుకుంది. "వారం నుంచీ అటో ఇటో తేల్చమంటే ఉయ్యాల ఊగుతున్నాడు సార్. పెళ్ళిచూపులప్పుడూ ఇంతే. నన్ను చేసుకోవాలా మా చెల్లెల్ని చేసుకోవాలా అని ఆర్నెల్లు చేశాడు."

"ఏందే, సార్ ముందర!"

"సార్ ముందరైనా తేలుద్దేమోనని చెబుతున్నా."

ఇదంతా జోయెల్‌కు ఇంగ్లీషులో చెప్పాను. పెళ్ళిచూపుల దగ్గర అతను పడీపడీ నవ్వాడు. తర్వాత కాస్త తటపటాయించాడు. "మావయ్యా, మా దీవిలో నీళ్ళు ఎక్కువ. వాన ఆపమని, వరద తగ్గించమని ప్రార్థిస్తాం. నీళ్ళు రమ్మని నేనెప్పుడూ అడగలేదు."

యథాతథంగా తెలుగులో చెప్పాను.

"ఆ ఆపినయ్యన్నీ ఇటు తోలమనండి సార్" అంది మరియమ్మ.

"ఎక్కడ ప్రార్థించమంటారు?" అని జోయెల్ నన్నే అడిగాడు. దయచేసి ఇక్కడ గమనించండి, నా పతనం ఇక్కడే మొదలైంది. ఎండ మాడ్చేస్తోంది. నా తలమీద జుట్టు లేదు, టోపీ ఇంట్లో మర్చిపోయాను. చేను అంచున ఒక వేపచెట్టుంది. నీడ కనపడింది. "అక్కడ" అని వేలు చూపించాను. ఆ చూపించడంలో నా నెత్తి తప్ప ఇంకే ఆలోచనా లేదు.

వెళ్ళాం. కొమ్మల కింద జోయెల్ మోకాళ్ళూనాడు. నా మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి పక్కనే చతికిలబడ్డాను. దంపతులిద్దరూ ఎదురుగా మోకరించారు. అతను ప్రార్థన మొదలుపెట్టాడు. వాళ్ళ అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు! అమ్మ, తమ్ముళ్ళు, చేపలు, వరదలో కొట్టుకుపోయిన వాళ్ళ పంది, ఇక్కడి గొర్రెపిల్ల, బజ్జీలు, యాకోబు, మరియమ్మ, ఇంకా పేరు తెలియని మరియమ్మ చెల్లెలు, అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ పోయాడు. చాలాసేపటికి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. నేను అలవాటు ప్రకారం, "ప్రభువా, ఈ కుటుంబానికి నీళ్ళు దయచేయుము" అన్నాను.

మరియమ్మ ఒక కన్ను తెరిచింది. "ఆయన అంతసేపు చెప్పాడు. మీరింతేనా?"

"అది సారాంశం అమ్మా."

"దేవుడు కూడా సారాంశమే ఇస్తే మేమేమైపోవాలి సార్? మొత్తం చెప్పండి."

మొత్తం చెప్పాను. పందితో సహా చెప్పాను. ఆమెన్ అనేసరికి నా గొంతు తడారిపోయింది. మరియమ్మ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. తల పైకెత్తి తాగుతున్నాను. దించి చూస్తే యాకోబు ఒక రాయి దొర్లించుకొచ్చి, జోయెల్ మోకాళ్ళ గుర్తులు పడ్డచోట పాతుతున్నాడు.

"ఏంటది యాకోబూ?"

"పాయింటు సార్."

"ఎవరి పాయింటు?"

"బ్రదర్ గారిది. ఇంత చేనుండగా ఇక్కడికే వచ్చి మోకరించాడు. అటు కొబ్బరికాయా కాదు, ఇటు మిషనూ కాదు. నాకు తేలిపోయింది సార్." ఆ మనిషి మొహంలో వారం రోజుల బరువు దిగినట్టుంది. అదే నన్ను భయపెట్టింది.

తప్పు వార్త పడితే మర్నాడు సవరణ వేయాలి. ఇక్కడ అప్పటికప్పుడే వేయబోయాను. "యాకోబూ, ఇక్కడికొచ్చింది నీడ కోసమయ్యా."

"నీడ గట్టు మీద తుమ్మల కింద కూడా ఉంది కద్సార్?"

"ఇది దగ్గరగా ఉంది."

"దగ్గరగా ఎందుకుందంటారు?"

"స్కూటీ ఇక్కడాపాను కాబట్టి."

"ఇక్కడే ఎందుకాపారు?"

"దారి ఇక్కడితో అయిపోయింది కదయ్యా!"

"చూశారా!" అన్నాడు యాకోబు, మరియమ్మ వైపు తిరిగి.

ఏం చూడాలో నాకర్థం కాలేదు. నేను చెప్పే ప్రతి నిజమూ అతనికి సాక్ష్యమైపోతోంది. ఇక లాభం లేదని జోయెల్ వైపు తిరిగి ఇంగ్లీషులో మొత్తం వివరించాను. నువ్వు మోకరించినచోట బోరు వేస్తారట, అది పడకపోతే వీళ్ళ తోట పోతుంది, ఆ చోటు నువ్వు ఎంచింది కాదని నీ నోటితో చెప్పు అన్నాను.

జోయెల్ నవ్వు ఆగింది. యాకోబు రెండు చేతులూ పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా మూడు వాక్యాలు చెప్పాడు. నేను మొదటిది తెలుగు చేశాను. "ఈ చోటు నేను ఎంచుకోలేదు." రెండోది కూడా చేశాను. "దేవుడు నాకు ఇక్కడని ఏమీ చూపించలేదు." మూడోది నా నోట్లోనే ఉండిపోయింది. నా సర్వీసులో ఎన్నో వాక్యాలు కొట్టేశాను గానీ, ఇంత మనసుపడి కొట్టేయాలనిపించిన వాక్యం ఇంకొకటి లేదు. మరియమ్మ నా నోరే చూస్తోంది.

"ఇంకోటేదో అన్నాడు సార్."

"మావయ్యే ఇక్కడ కూర్చోమన్నాడు" అన్నాను.

యాకోబు రాయిని చూశాడు, నన్ను చూశాడు, తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. "అయితే పాయింటు మీదన్నమాట సార్."

మా పల్నాడులో ఒక పద్ధతుంది. పడని బోరుకు ఎవరు పాయింటు పెట్టారో వాళ్ళ పేరే ఉండిపోతుంది. పెట్టినవాడు పోయినా పేరు పోదు. "ఫలానా ఆయన పాయింటు, చుక్క రాలేదు" అని మనవల కాలంలో కూడా దారిన పోయేవాళ్ళకు చూపిస్తారు. ఈ చేలో నా పేరుతో ఒక ఉత్త గొట్టం మిగలబోతోంది. అంతకన్నా పెద్ద సంగతి, ఈ మొగుడూపెళ్ళాల తోట నా బట్టతల మీద ఆధారపడి ఉంది. మిషను పాయింటుకే వెళ్ళమని బతిమాలాను. యాకోబు వినలేదు. "మీకేం స్వార్థం లేదు సార్. పాయింటుకి డబ్బులడగనోణ్ణి నేనింతవరకు చూళ్ళేదు" అన్నాడు.

భోజనానికి ఊళ్ళోకి తీసుకెళ్ళారు. నాటుకోడి కూర. జోయెల్ ఎముకలు కూడా వదలకుండా తిన్నాడు. తింటుండగానే బోరుబండి ఊళ్ళోంచి మోతతో వెళ్ళింది. మరియమ్మ వడ్డన ఆపి, కొంగు దోపుకుని దాని వెనక పరిగెత్తింది. అతిథుల్ని వదిలి రాకూడదని యాకోబు మా దగ్గర ఉండిపోయాడు. మేం చేతులు కడుక్కుని వెళ్ళేసరికి చెట్టు దగ్గర, చెట్టే సరిగ్గా కనపడనంతగా, తెల్లటి దుమ్ము మేఘంలా లేస్తోంది, ఊరు సగం గట్టు మీదుంది.

"పాయింటెవరిది?" అని ఎవరో అడిగారు.

"పేపరు సారుది."

"ఎవరూ, ఆ బట్టతలాయనా? ఆయనకేం తెలుసంట?"

సరైన ప్రశ్న అడిగింది ఆ ఒక్కతే! ఒక ముసలమ్మ. ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

ఫోన్ మోగింది. సుగుణ. "ఏంటండీ, మీరు బోర్లకు పాయింట్లు పెడుతున్నారంటగా? ఆ ఊరి మార్తమ్మగారు ఫోన్ చేసి చెప్పింది."

"నేను పెట్టలేదు. కూర్చున్నాను."

"కూర్చుంటే పాయింటెట్లా అవుద్ది? మన ట్యాంకు నిండలేదని నెల నుంచీ మొత్తుకుంటున్నా, అక్కడ కూర్చోలేదేం మీరు?"

రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. దుమ్ము, దుమ్ము, దుమ్ము. ఎర్రదుమ్ము పోయి బూడిదరంగు దుమ్ము, అది పోయి మళ్ళీ తెల్లదుమ్ము. రాడ్డు మార్చినప్పుడల్లా గట్టు మీద మాటలు తగ్గిపోతున్నాయి. యాకోబు తువ్వాలు అంచు రెండు చేతులతో మెలిపెడుతున్నాడు. జోయెల్ ఒక్కడే బండి కుర్రాళ్ళతో కలిసి రాడ్లు అందిస్తున్నాడు. తల నుంచి కాలిదాకా పిండిలో పొర్లినట్టున్నాడు, పళ్ళు మాత్రం కనపడుతున్నాయి. వాళ్ళు తమిళంలో పాడుతుంటే ఇతను తన దీవి భాషలో పాడుతున్నాడు. మధ్యలో నీళ్ళు తాగడానికి నా దగ్గరకొచ్చాడు.

"పడకపోతే ఏం చేద్దామనుకుంటున్నావు?" అని పళ్ళు బిగించి అడిగాను.

"పడకపోతే రాత్రికి యాకోబు మావయ్యతోనే ఉండి ఏడుస్తాను. పడితే ఆయనతోనే ఉండి నవ్వుతాను. ఎట్లాగైనా ఇవాళ ఇంటికి రాను మావయ్యా, అత్తయ్యకు చెప్పు."

నాకేమో ఎటువైపు నుంచి స్కూటీ తీస్తే జనం అడ్డం రారో అన్న లెక్క తప్ప ఇంకేం లేదు. సిగ్గేసింది. చాలా ఏళ్ళ తర్వాత నా అంతట నేను, ఎవరి తర్జుమా లేకుండా, దేవుణ్ణి ఒకమాట అడిగాను. నా పేరు సంగతి తర్వాత, వాళ్ళ తోట చూడు అన్నాను.

దుమ్ము ఎగరడం తగ్గింది. ముందు ముద్దముద్దలుగా పడింది. తర్వాత బురద చిమ్మింది. గట్టు మీద ఎవరో "ఓరినీ!" అన్నారు. అంతలోనే తెల్లగా, ఎత్తుగా, మనిషి మీద మనిషి నిలబడ్డంత ఎత్తు నీళ్ళు లేచాయి! జనం అరుస్తూ వెనక్కి పరిగెత్తి, మళ్ళీ ముందుకు పరిగెత్తారు. ధార రెండించుల పైమాటే అన్నారు. యాకోబు ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. జోయెల్ పక్కన కూర్చుని అతని మెడ చుట్టూ చేతులేశాడు. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆ నీళ్ళలో తెలియలేదు. మరియమ్మ మాత్రం గోల చేయలేదు. దోసిలి పట్టి మొహం కడుక్కుని, ఇంకో దోసిలి తాగింది. తర్వాత నన్ను చూసి అదోరకంగా నవ్వింది. భక్తి అనుకున్నాను.

మర్నాడు ఆదివారం యాకోబు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. "పేపరు సారు నీడ కావాలన్నాడు, ఆ నీడ కింద నీళ్ళున్నాయి!" నేను వెనక బెంచీ మీదనుంచి లేచి, జరిగింది జరిగినట్టు వివరించబోయాను. "తగ్గింపు మనసు చూడండి" అన్నారు పాస్టరుగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ చప్పట్ల తర్వాత నాలో ఏదో జరిగింది. ఏమో, ఎవరికి తెలుసు, కొంతమందికి ఉంటుందేమో అని ఒక చిన్న అనుమానం! సోమవారం హాల్లో నిలబడి, ఎటు కూర్చోవాలనిపిస్తోందో నన్ను నేనే గమనించుకుంటుండగా సుగుణకు దొరికిపోయాను.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు."

"అక్కడ పడితే టైల్స్ పగలగొట్టాల. కాస్త పెరట్లోకి నడవండి."

మంగళవారం నూజెండ్ల వైపు నుంచి కోటయ్య అనే రైతు, తన ఇద్దరు తమ్ముళ్ళతో ఆటో వేసుకుని వచ్చాడు. అప్పటికి జోయెల్ మా ఇంట్లోనే ఉన్నాడు. "బ్రదర్ గారు వస్తే సంతోషం. మీరు మాత్రం తప్పకుండా రావాలి సార్" అన్నాడు కోటయ్య. నేను ససేమిరా అన్నాను. నాకేమీ తెలియదన్నాను. "అదే మాట చెబుతారని యాకోబు ముందే చెప్పాడు" అన్నాడు. జోయెల్ అప్పటికే ఆటో ఎక్కి కూర్చుని డ్రైవరు మావయ్యతో కబుర్లలో ఉన్నాడు.

ఆ చేలో ఒక్క చెట్టు లేదు. టోపీ పెట్టుకుని దిగాను. కోటయ్య వినయంగా దాన్ని తీసేసి చేత్తో పట్టుకున్నాడు. "ఇది ఉంటే మీకు తెలియదు సార్."

"ఏం తెలియదు?"

"ఎక్కడ నీడ కావాలనిపిస్తదో."

వెనక్కి చూస్తే పెద్ద తమ్ముడి చేతిలో రాయి ఉంది, చిన్న తమ్ముడి చేతిలో గడ్డపార. నాకు అర్థమైంది. నేను ఆగితే అక్కడ బోరు! అందుకని ఆగకుండా నడవడం మొదలుపెట్టాను. నేను నడిస్తే వాళ్ళు నడుస్తున్నారు. ఒకసారి చెప్పులో రాయి దూరింది, వంగితే ఎక్కడ గుర్తు పెడతారోనని కుంటుతూనే నడిచాను. చెమట కళ్ళలోకి కారింది, తుడవడానికి చెయ్యెత్తగానే రాయి పట్టుకున్నవాడు ముందుకు దూకాడు. చెయ్యి దించేశాను. సుగుణ ఫోన్ చేసింది, చేను చుట్టూ తిరుగుతూనే మాట్లాడాను. "ఏంటండీ ఆ రొప్పు?" అంది. జోయెల్ ఇదంతా పల్నాడులో ఏదో వాకింగ్ ప్రార్థన అనుకున్నాడు. నా పక్కనే చేతులూపుకుంటూ, "వెరీ గుడ్ ఎక్సర్‌సైజ్ మావయ్యా!" అంటూ పాడుతున్నాడు.

చివరికి కాలిపిక్క పట్టేసింది. ఇక ఎట్లాగూ ఆగాలి, కోటయ్యది కాని నేల మీద ఆగుదామని పరిగెత్తి తార్రోడ్డు ఎక్కి నిలబడ్డాను. ముగ్గురన్నదమ్ములూ వచ్చి నా కాళ్ళవైపు చూశారు.

"రోడ్డు మీద వెయ్యనియ్యరన్నా" అన్నాడు చిన్న తమ్ముడు.

కోటయ్య తల పంకించాడు. "మార్జిన్ వదిలి మన గట్టుంది కదరా, దాన్ని ఆనుకుని వేద్దాం. సారు ఇంత దూరం పరిగెత్తుకొచ్చాడంటే ఊరికే రాడు." ఠంగుమని రాయి పడింది.

అప్పటిదాకా నాకున్న చిన్న అనుమానం ఆ దెబ్బతో పోయింది. యాకోబుది ఏదో అదృష్టం. ఈ మనిషి మాత్రం నా కాలిపిక్కను నమ్ముకుని చేనుకు చిల్లు పెట్టుకోబోతున్నాడు. ఎంత చెప్పినా వినలేదు. బోరుబండిని మాట్లాడుకున్నానని రెండు రోజులాగి ఫోన్ కూడా చేశాడు. ఏ బండి అంటే, యాకోబుకు వేసిందే. మార్కాపురం పని ముగించుకుని వెనక్కొస్తోందట.

శుక్రవారం వినుకొండ బస్టాండు పక్కన టీకొట్టు ముందు ఆ బండి ఆగి ఉంది. డ్రైవరు సెల్వం, తమిళనాడు మనిషి, ఎన్నో ఏళ్ళుగా ఇటే తిరుగుతూ తెలుగు బాగా పట్టినవాడు, గ్లాసు పట్టుకుని టైరుకు ఆనుకుని నిలబడ్డాడు. దండం పెట్టినంత పని చేశాను. "బాబూ, కోటయ్య చేనుకు వెళ్ళొద్దు. నాకు బోర్ల గురించి ఏమీ తెలియదు."

"తెలుసు సార్" అన్నాడు సెల్వం. "నేనే చెప్తాను, ముందు మిషను పెట్టి చూపించుకోమని."

నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం కాస్త చివుక్కుమంది కూడా. "నాకు తెలియదని నీకెట్లా తెలుసు? యాకోబుకు నా పాయింటులో అన్ని నీళ్ళు పడ్డాయి కదా?"

సెల్వం టీ తాగడం ఆపి నన్ను జాలిగా చూశాడు. ఆ రోజు మేం కోడికూర తింటున్నప్పుడు అతను రాయి దగ్గరికే వెళ్ళాడట. నెత్తిమీద వేపకొమ్మలు. బోరుబండి టవరు నిలబెడదామంటే కొమ్మలు తగిలి లేవలేదట. యాకోబును పిలిపిస్తానంటే మరియమ్మ ఒప్పుకోలేదట. "ఆయన్ని పిలవమాక తమ్ముడూ. మళ్ళీ ఆలోచనలో పడ్డాడంటే నీ బండి ఎళ్ళిపోద్ది, నా తోట ఎండిపోద్ది. నీకు యాడ వీలైతే ఆడ పెట్టు. దుమ్ము లేచినాక ఎవరికీ తెలవదు" అని, రాయి పీకి తనే అవతల పారేసిందట. సెల్వం బండిని వెనక్కి తీసి, టైర్లు దిగబడని గట్టినేల చూసుకుని, చెట్టు నీడ దాటి, ఎండలో వేశాడట.